అయిదు డాలర్లకు అమ్మిన బొంత

మాఘమాసం వచ్చిందంటే మా ఆర్మూరులో ఏ వీధిలోకి వెళ్లినా పసుపు వాసనే. చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, కళ్లాల్లో ఆరబోయడం ఒకేసారి మొదలవుతాయి. కొమ్ములు వేరు, మండ వేరు చేసి, బస్తాలకెత్తి మార్కెట్‌కు పంపేదాకా పసుపు పండించే ఇళ్లలో ఆడవాళ్లకు తల దువ్వుకునే తీరిక కూడా ఉండదు. చేతులు, గోళ్లు, చీర కుచ్చిళ్లు, చివరికి దిండు గలేబులు కూడా పచ్చబడిపోతాయి.

మూడేళ్ల కిందట సరిగ్గా అలాంటి రోజుల్లోనే మా అమ్మ పోయింది.

అంతకు పది రోజుల ముందు ఫోను చేసింది. ఒంట్లో బాగుండటం లేదు, ఒక్కసారి వచ్చి పొమ్మంది. మా అమ్మగారి ఊరు ఎంత దూరమని? బస్సులో గంట ప్రయాణం. కానీ మా ఇంట్లో పసుపు ఉడుకుతోంది. కూలీలకు వంట చేయాలి. పాపకు పరీక్షలు. నాలుగు రోజులాగి వస్తానమ్మా అన్నాను. ఆ నాలుగు రోజులు పది రోజులయ్యాయి. నేను వెళ్లేసరికి అమ్మను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు.

అందరూ ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. వచ్చినవాళ్లకు చాయ్ పెట్టాను, పదకొండు రోజులూ వంటింట్లోనే ఉన్నాను. కానీ అసలు ఏడవాల్సిన ఏడుపు లోపలే ఉండిపోయింది. రమ్మంటే రాలేదన్న మాట ఎవరికని చెప్పుకోను? మా ఆయనకు చెబితే ఊరుకోమంటారు. చెల్లెలికి చెబితే తనూ అదే మాట అంటుందేమోనని భయం.

అమ్మ పట్టుచీరలు వదినలు పంచుకున్నారు. రోజూ కట్టుకునే నూలు చీరలు ఏడు నేను అడిగి తెచ్చుకున్నాను. ఏడాది పాటు అవి ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి. ఒకరోజు పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె వీధిలోకి వచ్చింది. ఊరికే పెట్టెలో మగ్గే బదులు ఆ చీరలిచ్చి ఒక మంచి గిన్నె తీసుకోమని మా అత్తమ్మ సలహా ఇచ్చింది. ఆమె మాటలో తప్పేమీ లేదు. నేనే ఆ రోజు మధ్యాహ్నం పెట్టె తెరిచి, చీరలు బయటికి తీసి, వసారాలో పరిచేశాను. బొంత కుడతానన్నాను.

మా వైపు బొంత కుట్టడం పెద్ద విద్యేమీ కాదు. పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, ముడతలు లేకుండా చేత్తో సవరించి, నాలుగు మూలలా బరువు పెట్టి, అంచు నుంచి లోపలికి వరుసగా కుట్టుకుంటూ రావడమే. పై పొరకు మాత్రం మంచి ముక్కలు చూసి అతుకుతాం. మొదటి రెండు రోజులూ నాకేమీ అనిపించలేదు. మూడో రోజు, అమ్మ పొలానికి కట్టుకెళ్లే ఆకుపచ్చ చీర అంచు కుడుతుంటే కళ్లు మసకలయ్యాయి. సూది వేలికి గుచ్చుకుంది. అలాగే కుడుతూ ఏడ్చాను. తల వంచుకుని కుట్టుకుంటున్న ఆడమనిషిని ఏమైందని ఎవరూ అడగరు. ఆ సుఖం బొంతకుంది.

మధ్య గడిలో ఏదైనా మంచి డిజైను పెడదామని మా పాపను వెతకమన్నాను. అది ఫోనులో ఏదో చూసి పరుగెత్తుకొచ్చింది. రంగు వెలిసిన పాత బొంత ఒకటి. దాని మీద మనుషులు, పక్షులు, జంతువులు, సూర్యుడు, నక్షత్రాలు. అన్నీ గుడ్డముక్కలతో కత్తిరించి కుట్టినవే. చిన్నపిల్లలు పలక మీద గీసినంత అమాయకంగా ఉన్నాయి. అయినా చూపు తిప్పుకోలేకపోయాను. కుట్టినావిడ పేరు హారియెట్ పవర్స్ అని ఉంది. నూటపాతికేళ్లకు పైబడిన బొంత. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో, స్మిత్‌సోనియన్ వారి మ్యూజియం సొత్తు. ఆ రాత్రి పాప, నేను కూర్చుని ఆమె గురించి దొరికిందల్లా చదివాం. ఆ తర్వాత కూడా చాలా రోజులు చదువుతూనే ఉన్నాను. ఆ కథే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

బానిసగా పుట్టిన పిల్ల

హారియెట్ 1837 అక్టోబరు 29న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఏథెన్స్ అనే ఊరి దగ్గర పుట్టింది. ఆ సీమంతా పత్తి పండే నేల. పత్తి ఏరేది, వంటచేసేది, పిల్లల్ని సాకేది, బట్టలు కుట్టేది చాలామటుకు ఆఫ్రికా సంతతి నల్లజాతి బానిసలే. హారియెట్ కూడా బానిసే. బానిసకు పుట్టిన బిడ్డ కూడా యజమాని ఆస్తే. యజమానికి అప్పులైతే ఎద్దులతో పాటు మనుషులనూ అమ్ముకునేవాడు. తల్లినొక ఊరికి, బిడ్డనొక ఊరికి అమ్మినా అడిగే దిక్కు లేదు. బానిసలకు చదువు నేర్పడం కూడా ఆ రాష్ట్రంలో నేరం.

అలాంటి బతుకులో ఆమె చేతికి సూది వచ్చింది. సూదిపని బాగా వచ్చిన బానిస స్త్రీలు యజమానుల ఇంట్లో బట్టలు, పక్క దుప్పట్లు కుట్టేవారు. మిగిలిన గుడ్డపేలికలతో తమ పిల్లలకు బొంతలు కుట్టుకునేవారు. చలికాలం గుడిసెల్లో అవే ఆధారం.

1855లో, పద్దెనిమిదో ఏట, ఆర్మ్‌స్టెడ్ పవర్స్ అనే అతనితో హారియెట్‌కు పెళ్లయింది. కనీసం తొమ్మిది మంది పిల్లల్ని కన్నది. అందరూ దక్కలేదు. మొదటి కాన్పులు బానిసతనంలోనే జరిగాయి. పుట్టిన బిడ్డ తనకు దక్కుతుందో లేదో తెలియకుండా చంటిదానికి పాలివ్వడం ఎలా ఉంటుందో మనలాంటి వాళ్లం ఊహించుకోవడం కష్టం.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. నాలుగేళ్ల తర్వాత, 1865లో, బానిసత్వం రద్దయింది. అప్పటికి హారియెట్‌కు ఇరవై ఏడెనిమిదేళ్లు. 1870 జనాభా లెక్కల్లో భర్త వృత్తి దగ్గర వ్యవసాయ కూలీ అని, హారియెట్ పేరు పక్కన ఇల్లు చూసుకుంటుందని రాశారు. అది చదివి మా పాప నా వైపు చూసి నవ్వింది. రేషన్ కార్డు నుంచి పాప స్కూలు ఫారం దాకా నా పేరు పక్కన రాసేదీ ఆ ముక్కే కదా!

ఆ దంపతులు కష్టపడి కూడబెట్టి 1880లలో నాలుగెకరాల భూమి కొనుక్కున్నారు. ఒకప్పుడు తామే ఒకరి ఆస్తిగా ఉన్న మనుషులు సొంత నేల మీద నాగలి పెట్టారు. హారియెట్ బతుకులో అదే కాస్త నెమ్మదైన కాలం. తన పేరు నిలబెట్టిన బొంత కుట్టింది కూడా ఆ రోజుల్లోనే.

పదకొండు గళ్ల కథ

ఆ బొంతను ఇప్పుడు బైబిల్ బొంత అంటున్నారు. ఆరడుగులకు పైగా వెడల్పు, ఏడడుగులకు పైగా పొడవు. కొంత చేత్తో, కొంత కుట్టుమిషను మీద కుట్టింది. బొమ్మల్ని గుడ్డలో కత్తిరించి, మరో గుడ్డ మీద పరిచి అంచులు కుట్టే పద్ధతి. మనం అప్లిక్ వర్క్ అంటామే, అదే. ఆఫ్రికాలో ఇప్పటి బెనిన్ దేశం ఉన్న చోట, పూర్వపు దహోమీ రాజ్యంలో, ఇలాగే గుడ్డబొమ్మలతో రాజుల కథలు చెప్పే ఆచారం ఉండేది. రెండింటికీ ఉన్న పోలికను కళాచరిత్ర రాసినవాళ్లు చాలామంది గుర్తించారు.

బొంతలో పదకొండు గళ్లు. ఆదాము, హవ్వ ఏదెను తోటలో ఉండటంతో మొదలవుతుంది. తర్వాత కయీను తన తమ్ముడు హేబెలును చంపడం, అక్కడి నుంచి నోదు దేశానికి పోవడం, యాకోబు కలలో ఆకాశానికి నిచ్చెన కనబడటం, యేసు బాప్తిస్మం, యూదా ముప్పై వెండి నాణాలకు గురువును అప్పగించడం, చివరి విందు, శిలువ. మనకు రామాయణం, భారతం ఎలాగో ఆమెకు బైబిలు అలాగ. మన కలంకారీ గుడ్డ మీద రామకథ గళ్లుగళ్లుగా నడిచినట్టే, ఆమె బొంత మీద బైబిలు కథ నడుస్తుంది.

అయితే ఒకటి గమనించండి. అంత పెద్ద గ్రంథంలో ఆమె ఏరుకున్న కథలేమిటి? అన్న చేతిలో తమ్ముడి చావు. డబ్బుకు మనిషిని అమ్మడం. దిక్కులేని రాత్రి ఒక రాతిని తలకింద పెట్టుకుని పడుకున్నవాడికి ఆకాశం తెరుచుకోవడం. కన్నతల్లి కళ్ల ముందు కొడుకు చనిపోవడం. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి, ఒకప్పుడు ధర కట్టి అమ్మదగిన వస్తువుగా బతికిన స్త్రీ ఈ కథల్నే ఎందుకు ఏరుకుందో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదనిపించింది నాకు. తన కథ తనుగా చెప్పే వీలు లేనప్పుడు మనిషి మరొకరి కథలో తన కన్నీళ్లు కలుపుకుంటాడు. మా అమ్మ బతుకమ్మ పాటల్లో సీతమ్మ కష్టాలు వచ్చినప్పుడల్లా గొంతు బొంగురుపోయేది. అది సీత కోసమేననుకునేదాన్ని చిన్నప్పుడు.

ఎద్దుల బండిలో వచ్చింది

1886లో ఏథెన్స్‌లో పత్తి సంత జరిగింది. హారియెట్ తన బొంతను అక్కడ ప్రదర్శనకు పెట్టింది. జెన్నీ స్మిత్ అనే తెల్లజాతి యువతి దాన్ని చూసింది. ఆమె ఆ ఊళ్లోని లూసీ కాబ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆడపిల్లల బడిలో చిత్రలేఖనం నేర్పే టీచరు. బొంతను చూడగానే ఆమెకు ఎక్కడలేని ముచ్చట కలిగింది. వెతుక్కుంటూ వెళ్లి హారియెట్‌ను కలుసుకుని అమ్ముతావా అని అడిగింది. హారియెట్ ససేమిరా అంది. ఎంతిచ్చినా ఇవ్వనంది.

నాలుగేళ్లు గడిచాయి. కాలం ఎదురు తిరిగింది. చిన్న రైతు బతుకు ఎక్కడైనా ఒకటే. రేటు పడిపోతే, అప్పు పెరిగితే ముందు ఇంట్లో వస్తువు కదులుతుంది, తర్వాత పొలం కదులుతుంది. 1890 ప్రాంతంలో హారియెట్ తనంత తానుగా బొంత అమ్ముతానని కబురు పెట్టింది. తీరా ఆ సమయంలో జెన్నీ స్మిత్ చేతిలో డబ్బు లేదు. మరుసటి ఏడు, 1891లో, ఆమె కబురంపింది, ఇంకా అమ్మే ఉద్దేశముంటే తెమ్మని.

హారియెట్ ఎద్దుల బండిలో వచ్చింది. బొంతను పిండి సంచిలో చుట్టి, దాని మీద గోనెసంచి వేసి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పది డాలర్లడిగింది. జెన్నీ తన దగ్గర అయిదే ఉన్నాయంది. హారియెట్ బయట బండి దగ్గరున్న భర్తతో మాట్లాడటానికి వెళ్లింది. రోజులు బాగాలేవు, వచ్చినకాడికి తీసుకోవడమే మంచిదని అతని మాట. లోపలికి తిరిగి వచ్చి అయిదు డాలర్లకు బొంత ఇచ్చేసింది.

ఈ ముక్క చదివినప్పుడు నాకు మా మార్కెట్ గుర్తొచ్చింది. తొమ్మిది నెలలు సాకిన పసుపును రైతు బస్తాల్లో వేసుకుని వస్తాడు. మనసులో ఒక ధర ఉంటుంది. అక్కడ వినబడే ధర ఇంకొకటి. ఇంటికి ఫోను చేసి ఇల్లాలితో మాట్లాడి, చివరికి ఆ ధరకే ఇచ్చేసి వెళతాడు. తలూపి డబ్బు లెక్కపెట్టుకునే ఆ మొహం మా ఊళ్లో ప్రతి ఆడదానికీ తెలుసు.

కానీ హారియెట్ డబ్బు తీసుకుని వెళ్లిపోలేదు. జెన్నీని కూర్చోబెట్టి పదకొండు గళ్లలోనూ ఏముందో ఒక్కొక్కటిగా వివరించింది. ఈ బొమ్మ ఎవరిది, ఈ నక్షత్రం ఎందుకు, ఈ పక్షి ఎక్కడిది, అన్నీ. జెన్నీ స్మిత్ ఆ వివరాలన్నీ శ్రద్ధగా రాసిపెట్టింది. ఆ పని ఆమె చేయబట్టే ఇవాళ మనకు ఆ బొమ్మల అర్థం తెలుస్తోంది. కుట్టింది ఎవరన్నది కూడా దానివల్లే మిగిలింది. అప్పటి ఆడవాళ్లు కుట్టిన బొంతల్లో ఎన్నింటికి పేరుంది? కడుపు నిండని రోజుల్లో కన్నబిడ్డలాంటి వస్తువును వదులుకోవాల్సి వచ్చినా, కథ లేకుండా వట్టి గుడ్డగా మాత్రం వదల్లేదు హారియెట్.

ఆ తర్వాత కూడా చాలాసార్లు ఆమె జెన్నీ స్మిత్ ఇంటికి వచ్చింది. డబ్బు కోసం కాదు. తన బొంతను ఒకసారి చూసి పోవడానికి. అత్తారింటికి పంపిన కూతుర్ని ఏదో వంకతో చూడబోయే తల్లి లాగా. జెన్నీ కూడా తన దగ్గర మిగిలిన గుడ్డముక్కలు ఆమెకు ఇస్తుండేదట.

రాలే చుక్కలు, పారిపోయిన పంది

అయిదు డాలర్లతో కష్టాలు గట్టెక్కలేదు. 1890లలో ఆ నాలుగెకరాలూ కొంచెం కొంచెంగా కరిగిపోయాయి. ఆ దశకం మధ్యలో ఆర్మ్‌స్టెడ్ పొలాన్ని, భార్యను వదిలి వెళ్లిపోయాడు. హారియెట్ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అప్పటికి ఆమెకు అరవై దగ్గర పడుతోంది. కుట్టుపనితోనే తన పొట్ట తను పోషించుకుంది.

సరిగ్గా ఆ కష్టకాలంలోనే, 1895కూ 1898కీ మధ్య, రెండో గొప్ప బొంత తయారైంది. ఇందులో పదిహేను గళ్లు. ఈసారి యోబు కథ వచ్చింది. యోబంటే మన హరిశ్చంద్రుడి లాంటివాడు. ఆస్తి, బిడ్డలు, ఆరోగ్యం అన్నీ పోయినా నమ్మిన దేవుణ్ని వదలనివాడు. తిమింగలం పాలైన యోనా వచ్చాడు, ఎడారిలో సర్పాన్ని పైకెత్తిన మోషే వచ్చాడు. వీళ్ల పక్కనే ఆమె కొత్తగా ఒక పని చేసింది. నిజంగా జరిగిన విపత్తులను కూడా కుట్టింది.

1780 మే 19న అమెరికా ఈశాన్య ప్రాంతంలో పట్టపగలే చీకటి కమ్మింది. అడవులు తగలబడిన పొగ అందుకు కారణమని తర్వాత తేలింది. 1833 నవంబరు 13 తెల్లవారుజామున ఆకాశం నుంచి వేలాది ఉల్కలు వానలా రాలాయి. లోకం అంతమైపోతోందని జనం వణికిపోయారు. ఈ రెండూ హారియెట్ పుట్టకముందు జరిగినవే. పెద్దల నోట విని మనసులో దాచుకున్నది. తన కళ్లముందే జరిగిన 1895 ఫిబ్రవరి నాటి ఘోరమైన చలి కూడా బొంతలో ఉంది. ప్రార్థన చేస్తూ చేస్తూనే గడ్డకట్టిపోయిన ఒక స్త్రీ, సారా జాడీ దగ్గర బిగుసుకుపోయిన ఒక పురుషుడు అందులో కనిపిస్తారు.

చుక్కలు రాలే గడిలో ఆమె ఒక చెయ్యి కుట్టింది. అది దేవుడి చెయ్యి. రాలే నక్షత్రాలను ఆపే చెయ్యి. మగడు వదిలేసి, భూమి పోయి, ఒంటరిగా దీపం ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్న ముసలామె ఆ చేతిని ఎంత ఓపికగా కత్తిరించి ఉంటుందో అనుకుంటే నాకు గొంతు పట్టేసింది.

ఒక గడిలో పంది కూడా ఉంది. దాని పేరు బెట్స్. జార్జియా నుంచి వర్జీనియా దాకా అయిదు వందల మైళ్లు ఒంటరిగా పరుగెత్తిపోయిన ఆడపంది అట. దేవుడి కథల మధ్య ఈ పందేమిటని మొదట నవ్వొచ్చింది. దక్షిణాది బానిసలు స్వేచ్ఛ కోసం పారిపోయింది ఉత్తర దిక్కుకేనని, వర్జీనియా ఉన్నదీ ఆ దారిలోనేనని చదివాక నవ్వాగిపోయింది. బానిసలు పారిపోయే కథను ఆమె పంది చాటున పెట్టిందని చాలామంది పరిశీలకులు అంటారు.

ఆ కాలపు ఫోటో ఒకటి దొరుకుతుంది. హారియెట్ నిటారుగా నిలబడి ఉంటుంది. నడుముకు కట్టుకున్న గుడ్డ మీద కూడా అలాంటి అప్లిక్ బొమ్మలే కుట్టి ఉంటాయి. నవ్వుండదు, దైన్యమూ ఉండదు.

చాలాకాలం ఆమెకు చదువు రాదని, వినికిడి కథలతోనే బొంతలు కుట్టిందని అందరూ రాశారు. కైరా హిక్స్ అనే పరిశోధకురాలు 2009లో రాసిన పుస్తకం ఆ మాటను చెరిపేసింది. 1896లో హారియెట్ పేరున వెళ్లిన ఉత్తరం ఒకటి బయటపడింది. ఆమెకు చదవడం వచ్చు. ఈ రెండే కాదు, మరికొన్ని బొంతలు కూడా కుట్టింది. అవి ఇప్పుడు కనిపించడం లేదు. నల్లజాతి ముసలామె, పైగా బానిసగా పుట్టింది, ఆమెకు చదువెక్కడిదిలే అని లోకం తేల్చేసుకుంది. సూది పట్టే చేతికి అక్షరం రాదనుకోవడం మన దగ్గరా ఉన్నదే కదా.

చూసి పోవడానికి

హారియెట్ పవర్స్ 1910 జనవరి 1న చనిపోయింది. ఏథెన్స్‌లోని గాస్పెల్ పిల్‌గ్రిమ్ శ్మశానంలో పాతిపెట్టారు. తర్వాత ఆ సమాధి ఎక్కడుందో కూడా అందరూ మర్చిపోయారు. 2005లో గానీ మళ్లీ ఆచూకీ దొరకలేదు.

బొంతలు మాత్రం బతికాయి. జెన్నీ స్మిత్ తన దగ్గరున్న బొంతను 1946లో కన్నుమూసేదాకా భద్రంగా కాపాడుకుంది. 1960ల చివర్లో అది స్మిత్‌సోనియన్ సంస్థకు చేరింది. రెండో బొంత 1898లో ఒక మతాచార్యుడికి కానుకగా వెళ్లి, చేతులు మారి, 1964లో బోస్టన్ నగరంలోని లలితకళల మ్యూజియానికి వచ్చింది. 1992లో స్మిత్‌సోనియన్ అనుమతితో బైబిల్ బొంతకు చైనాలో నకళ్లు తయారుచేయించి అమ్మకానికి పెడితే, అమెరికాలో బొంతలు కుట్టే ఆడవాళ్లు ఊరుకోలేదు. గట్టిగా నిరసన తెలిపారు. 2021 అక్టోబరులో బోస్టన్ మ్యూజియంలో రెండు బొంతలనూ మొదటిసారిగా ఒకే చోట ప్రదర్శించారు. ఒకే తల్లి చేతుల్లో పుట్టి, నూరేళ్లకు పైగా విడివిడిగా ఉన్న అక్కచెల్లెళ్లు కలుసుకున్నట్టయింది.

ఇక నా బొంత సంగతి చెప్పి ముగిస్తాను.

ఎండాకాలం మొదలయ్యేసరికి నా కుట్టుపని అయిపోయింది. ఏడు చీరలూ అందులో ఉన్నాయి. మధ్య గడిలో ఏ డిజైనూ పెట్టలేదు. అమ్మ పసుపు కళ్లంలో పనిచేసేటప్పుడు కట్టుకున్న తెల్లచీర ముక్క పెట్టాను. ఎన్ని ఉతుకులు ఉతికినా దాని మీద పచ్చమరక పోలేదు. బొంతను మడతపెట్టి ట్రంకు పెట్టెలో, నా కోసమే దాచుకున్నాను.

జూన్‌లో పాప ఇంటర్ చదువుకు హాస్టల్‌కు బయల్దేరింది. సామాన్లు సర్దుతుంటే అమ్మమ్మ బొంత తీసుకెళతానంది. నా గుండె గుభేలుమంది. హాస్టల్లో ఎవరైనా ఎత్తుకుపోతే? అందరితో పాటు వాషింగ్ మెషీన్లో వేస్తే? కొత్త రగ్గు కొనిస్తానన్నాను. అది వినలేదు. రెండు రోజులు నేనూ దాంతో మాట్లాడలేదు. మూడో రాత్రి హారియెట్ గుర్తొచ్చింది. ఎద్దుల బండి, ఒళ్లో పిండి సంచి, ఇచ్చేముందు కూర్చోబెట్టి చెప్పిన పదకొండు గళ్ల కథ.

లేచి పాపను పిలిచాను. మంచం మీద బొంత పరిచి ఒక్కొక్క ముక్కా చూపించాను. ఇది అమ్మమ్మ పొలానికి కట్టుకెళ్లిన చీర. ఇది నువ్వు పుట్టినప్పుడు ఆసుపత్రికి కట్టుకొచ్చింది, మొదట నిన్ను ఎత్తుకున్నది ఈ కొంగులోనే. ఇది తాతయ్య ఆఖరుసారి కొన్నది. మధ్యలో పచ్చమరకల ముక్క దగ్గరకు వచ్చేసరికి నా నోరు పెగల్లేదు. కాసేపాగి అది కూడా చెప్పేశాను. అమ్మమ్మ రమ్మందని, పసుపు ఉడుకుతోందని నేను వెళ్లలేదని. మూడేళ్లలో, నోరు తెరిచి ఆ మాట అనడం అదే మొదటిసారి. సూదితో కుట్టినన్నాళ్లూ కన్నీళ్లు వచ్చాయి గానీ బరువు దిగలేదు. ఆ రాత్రి కాస్త దిగింది. పాప ఏమీ అనలేదు. ఆ పచ్చమరక మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది. మర్నాడు బొంతను నేనే దాని సంచిలో పెట్టాను.

హాస్టల్‌కు వెళ్లినప్పుడల్లా ముందు పాపను చూస్తాను, తర్వాత మంచం మీద బొంతను చూస్తాను. ఎక్కడైనా కుట్టు ఊడితే అక్కడే కూర్చుని వేసి వస్తాను. ఒకసారి గదిలోని పిల్లలంతా చుట్టూ చేరి ఈ పచ్చది మా పాప వాళ్ల అమ్మమ్మ కళ్లం చీరంట కదా ఆంటీ అని అడిగారు. అది వాళ్లకు కూడా చెప్పేసిందన్నమాట!

మొన్న మాఘంలో మా ఇంట్లో పసుపు ఉడుకుతున్న రోజే పాప ఫోను చేసింది. జ్వరం తగిలింది, ఒకసారి వచ్చి పొమ్మంది. కూలీల వంట అత్తమ్మకు అప్పజెప్పి, చేతుల పచ్చదనం కూడా కడుక్కోకుండా బస్సెక్కాను.